ఆ పిల్లలు చేసిన తప్పేమిటి?

వ్యక్తిత్వ వికాస శిక్షకులకు, మోటివేషనల్ స్పీకర్లుగా మా బడులకూ కళాశాలలకూ వచ్చే వక్తలందరికీ నమస్కారం.

పబ్లిక్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ యాజమాన్యాలు మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి. పొద్దున ఒక ఊళ్లో, సాయంత్రం ఇంకో ఊళ్లో సభలు. పరీక్ష భయం ఎలా పోగొట్టుకోవాలో, చదివింది ఎలా గుర్తుపెట్టుకోవాలో, సెల్‌ఫోన్‌కు ఎలా దూరంగా ఉండాలో చెబుతారు. అవన్నీ చెప్పండి, పిల్లలకు పనికొస్తాయి. మీ సభలో ఒక్క భాగాన్ని మాత్రం ఇకనుంచి మానేయమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

ఆ భాగం ఏదో మీకు తెలుసు. లైట్లు తగ్గిస్తారు. స్పీకర్లలో విషాద రాగం మొదలవుతుంది. పిల్లల్ని కళ్లు మూసుకోమంటారు. అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోమంటారు. ఆ చేతుల గాజులు ఏమయ్యాయని అడిగి, వాళ్ల కాలేజీ ఫీజుకే పోయాయని మీరే జవాబు చెబుతారు. తెగిన చెప్పుకు పిన్నీసు పెట్టుకుని తిరిగే నాన్న గురించి, పండక్కి కూడా కొత్త చీర కట్టని అమ్మ గురించి గొంతు వణికిస్తూ వర్ణిస్తారు. చివరికి ‘అలాంటివాళ్లకు నువ్వేం చేశావు?’ అని అడుగుతారు. ముందు వరుసలో ఒకమ్మాయి వెక్కడం మొదలుపెడుతుంది. కాసేపట్లో హాలంతా ఏడుపే. కొన్నిచోట్ల తల్లిదండ్రుల్ని కూడా పిలిపించి, పళ్లేలు పెట్టి, పిల్లల చేత వాళ్ల కాళ్లు కడిగిస్తారు. ఆ దృశ్యాన్ని వీడియో తీస్తారు. యాజమాన్యం మీకు శాలువా కప్పుతుంది.

మర్నాడు స్టడీ అవర్‌లో ఆ పిల్లల ఎదురుగా కూర్చునేది మేం. నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మీరు వెళ్లిపోయాక వాళ్లలో ఏం మిగులుతుందో దగ్గరినుంచి చూస్తుంటాను. రెండు రోజులు గంటలు గంటలు పుస్తకం ముందు కూర్చుంటారు, నిజమే. ఆ ఊపు చల్లారాక మిగిలేది వేరు. నిద్రపోతే తప్పు చేస్తున్నట్టుంటుందని ఒకమ్మాయి అంటుంది. ఔటింగ్‌కు వెళ్లి స్నేహితులతో బిర్యానీ తిన్నందుకు ఇంకో అబ్బాయి కుమిలిపోతాడు. జ్వరం వచ్చినా ఇంటికి ఫోన్ చేసి చెప్పడు, డాక్టరు ఖర్చు నాన్న మీద పడుతుందని. అక్క పెళ్లికి వెళ్లి నవ్వుతూ ఫొటో దిగినందుకు వారమంతా తనను తాను తిట్టుకునే పిల్లల్ని చూశాను. వీళ్లలో ఎవరూ ఎవరికీ ఏ అన్యాయమూ చేయలేదు. అయినా నేరం చేసినవాళ్లలా తలదించుకుని తిరుగుతారు.

తప్పు చేశానన్న బాధే మనిషికి ఉండకూడదని నేను అనడం లేదు. అది లేని మనిషితో కలిసి బతకడం కష్టం. అబద్ధం చెప్పినప్పుడు, పక్కవాణ్ని అవమానించినప్పుడు, మాట తప్పినప్పుడు లోపల ఏదో గుచ్చుకోవాలి. గుచ్చుకుంటేనే వెళ్లి సర్దుకుంటాం. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త జూన్ ట్యాంగ్నీ జీవితంలో ఎక్కువ భాగం ఈ విషయం మీదే పనిచేశారు. ‘నేను చేసిన పని చెడ్డది’ అని బాధపడటం వేరు, ‘నేనే చెడ్డ మనిషిని’ అని కుంగిపోవడం వేరు అని ఆమె తన పరిశోధనల్లో చూపించారు. మొదటి రకం బాధ మనిషిని క్షమాపణ వైపు, దిద్దుబాటు వైపు నడిపిస్తుంది. రెండోది దాక్కోమంటుంది, కోపం తెప్పిస్తుంది, దిగులులోకి దించుతుంది. అయిదో తరగతి పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది. చేసిన పని గురించి బాధపడటం తెలిసిన పిల్లలు పెద్దయ్యాక పెడదారి పట్టడం తక్కువ. తమను తామే అసహ్యించుకోవడం అలవాటైన పిల్లలకు అలాంటి రక్షణ దొరకలేదు.

మీ సభ పిల్లల్ని ఈ రెండింటిలో దేని వైపు నడిపిస్తోంది? ‘నువ్వేం చేశావు?’ అన్న ప్రశ్నకు పదహారేళ్ల పిల్లవాడి దగ్గర జవాబుగా చెప్పుకోవడానికి ఏ పనీ లేదు. పుట్టాడు, పెరిగాడు, పెద్దలు చేర్పించిన కాలేజీలో చేరాడు. చేసిన పనేదీ దొరకనప్పుడు ఆ బాధ తిరిగి తన మీదకే మళ్లుతుంది. నేను పుట్టడమే వాళ్లకు బరువు అన్నచోట ఆగుతుంది.

గాంధీ ఆత్మకథ ‘సత్యశోధన’ మీరు చదివే ఉంటారు, సభల్లో ఉదహరిస్తుంటారు కూడా. పదిహేనేళ్ల వయసులో ఆయన అన్న కడియం నుంచి కాస్త బంగారం తీసి అప్పు తీర్చాడు. ఆ తప్పు భరించలేక చీటీ రాసి, మంచం మీద జబ్బుగా ఉన్న తండ్రి చేతికిచ్చాడు. దొంగతనం ఒప్పుకున్నాడు, తగిన శిక్ష వేయమన్నాడు, ఇక చేయనని మాటిచ్చాడు. తండ్రి చదివాడు, కన్నీళ్లతో ఆ కాగితం తడిసింది, దాన్ని చింపేశాడు. ఇక్కడ చేసిన పని ఉంది. నష్టపోయిన మనిషి ఉన్నాడు. ఒప్పుకోలు ఉంది, మళ్లీ చేయననే మాట ఉంది. విన్న పెద్దమనిషి ఆ ఒప్పుకోలును కొడుకు మీద ఆయుధంగా వాడుకోలేదు. బాధ తన పని తాను చేసి ముగిసింది. ఆ పిల్లవాడి మనసులో తండ్రి మీద ప్రేమ ఇంకా పెరిగింది.

అదే పుస్తకంలో ఇంకో బాధ కూడా ఉంది. 1885లో తండ్రి కన్నుమూసిన రాత్రి, అప్పటిదాకా ఆయన కాళ్లు పడుతూ ఉన్న గాంధీ, చిన్నాన్న వచ్చి కూర్చున్నాక తన గదికి, భార్య దగ్గరికి వెళ్లాడు. కొద్ది నిమిషాల్లోనే పిలుపు వచ్చింది, తండ్రి పోయాడని. గాంధీ పక్కనే ఉన్నా ఆ ప్రాణం నిలిచేది కాదు. అయినా నలభై ఏళ్ల తర్వాత ఆత్మకథ రాస్తున్నప్పుడు కూడా దాన్ని చెరగని మచ్చగానే చెప్పుకున్నాడు. క్షమించు అని అడగడానికి తండ్రి లేడు, సరిదిద్దడానికి దారి లేదు. రెండూ ఒకే మనిషి పడ్డ బాధలు. దిద్దుకునే దారి ఉన్న బాధ ఆయనను నిలబెట్టింది, దారి లేనిది జన్మంతా వెంటాడింది. మీరు సభలో పిల్లల చేతికిచ్చేది ఈ రెండో రకం బాధ. తల్లి గాజులు తాకట్టు నుంచి విడిపించే శక్తి వాళ్లకు లేదు. వాళ్లకు మీరు చూపించే ఒక్క దారి ర్యాంకు. అది దక్కేది కొందరికే. దక్కనివాళ్లు ఆ బాధతో ఎక్కడికి వెళ్లాలి?

అసలు ఆ ఫీజుల అప్పు ఎవరు చేశారో ఒక్కసారి నిదానంగా చూడండి. ఏ కాలేజీలో చేర్పించాలో పెద్దలు నిర్ణయించారు. ఫీజు ఎంతో యాజమాన్యం నిర్ణయించింది. పత్తి ధర పడిపోవడానికి, కౌలు పెరగడానికి, దగ్గర్లో నమ్మకమైన ప్రభుత్వ కళాశాల లేకపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆ పిల్లల చేతిలో లేదు. ఆ ఫీజు వసూలు చేసిన కళాశాల ఆవరణలోనే, దాని బరువంతా ఆ పిల్లల మనసు మీద పెట్టడం న్యాయమేనా?

పిల్లలకు కృతజ్ఞత నేర్పుతున్నామని మీరు అంటారు. మంచి ఉద్దేశమే, దాన్ని నేను శంకించను. ఏడిపించడం వల్ల కృతజ్ఞత పెరుగుతుందా అన్నదే నా సందేహం. 2006లో ఫిలిప్ వాట్కిన్స్, ఆయన సహచరులు ఈ సంగతిని పరీక్షించి చూశారు. మేలు చేసినవాళ్లు బదులు ఆశిస్తున్నారని తెలిసే కొద్దీ, అందుకున్నవాళ్లలో బాకీపడ్డామన్న భావన పెరిగింది, కృతజ్ఞత తగ్గింది. మన ఇళ్లలోనూ ఇది కొత్తేమీ కాదు. అడగకుండా సాయం చేసి ఆ ఊసెత్తని మేనమామను కలకాలం తలుచుకుంటాం. చేసిన సాయాన్ని పదిమందిలో గుర్తుచేసే బంధువు ఎదురైతే పక్క సందులోకి తప్పుకుంటాం. తల్లిని తలుచుకుంటే పిల్లకు ధైర్యం రావాలి. తలుచుకున్నప్పుడల్లా బాకీ గుర్తొస్తే, ఆ పిల్ల తల్లికి ఫోన్ చేయడమే తగ్గిస్తుంది. హాస్టళ్లలో ఈ మార్పు మేం కళ్లారా చూస్తున్నాం.

ఇంకో మాట. మీ ఎదురుగా కూర్చున్న అయిదారు వందల మందికి ఒకే రకం ఇల్లు ఉండదు. తల్లి చనిపోయిన పిల్ల ఆ హాల్లో ఉంటుంది. కళ్లు మూసుకుని అమ్మ చేతులు గుర్తు తెచ్చుకోమంటే ఆ పిల్లకు గుర్తొచ్చేది ఏమిటి? తాగొచ్చి కొట్టే తండ్రి కొడుకు అక్కడే ఉంటాడు. నాన్న కష్టం గురించి మీరు చెబుతుంటే, అలాంటి మనిషిని చూసి భయపడుతున్నందుకు తనదే తప్పనుకుంటాడు. ఇంట్లో అమ్మానాన్నలు గొడవపడితే అది తన వల్లేనని నమ్మే చిన్నపిల్లలు ఎందరో. బంధువుల్లో ఒకడి వేధింపులకు గురై, అది బయటికి చెబితే ఇంటి పరువు పోతుందని నోరు నొక్కుకున్న అమ్మాయి కూడా ఆ వరుసల్లోనే కూర్చుని ఉండొచ్చు. ఇంటి కోసం అన్నీ భరించాలన్న పాఠమే ఆమెకు మీ మాటల్లో వినిపిస్తుంది. అప్పటికే డిప్రెషన్‌లో ఉన్న పిల్లల సంగతి మరీ కష్టం. అకారణంగా, అతిగా తప్పు చేశామని బాధపడటాన్ని వైద్యులు ఆ జబ్బు లక్షణాల్లో ఒకటిగా లెక్కిస్తారు. ఆ లక్షణాన్ని మైకులో పెంచి పోషిస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చిన కొద్ది రోజుల్లోనే ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో పొరపాట్లు జరిగాయని ప్రభుత్వం వేసిన త్రిసభ్య కమిటీయే తేల్చింది. ఫెయిలైనవాళ్ల జవాబు పత్రాలు మళ్లీ పరిశీలిస్తే వెయ్యి మందికి పైగా పాసయ్యారు. అంటే యంత్రాంగం చేసిన పొరపాటుకు, తమదే తప్పనుకుని తలవంచుకున్న పిల్లలు అంతమంది ఉన్నారు. ఆత్మహత్యకు ఎప్పుడూ ఒక్కటే కారణం ఉండదు. దానికి మీ సభలే కారణమని నేను అననే అనను. తమది కాని తప్పును నెత్తిన వేసుకునే అలవాటు పిల్లల్లో ఎంత లోతుగా ఉందో చెప్పడానికే ఇది గుర్తుచేశాను. ఆ అలవాటుకు మనం ఇంకా నీళ్లు పోయకూడదు.

సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో మాట్లాడింది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతున్న పదిహేడేళ్ల అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో, 2025 జులై 25న దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులు ఉన్న సంస్థలో అర్హతగల కౌన్సెలర్ గానీ, సైకాలజిస్టు గానీ, సోషల్ వర్కర్ గానీ ఉండాలంది. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయొద్దంది, పదిమందిలో పిల్లల్ని అవమానించొద్దంది, స్థాయికి మించిన లక్ష్యాలు పెట్టొద్దంది. ఏడాదికోసారి రెండు గంటల సభ పెట్టి, ఆ కౌన్సెలర్ పని అయిపోయిందనుకునే యాజమాన్యాలు ఉన్నాయి. మీ పేరు ఆ లోటును కప్పే తెర కాకుండా చూసుకోవాల్సింది మీరే.

తల్లిదండ్రుల కష్టం పిల్లలకు తెలియొద్దా అని మీరు అడుగుతారు. తప్పకుండా తెలియాలి. అయితే ఇంట్లో తెలియాలి, అమ్మానాన్నల నోట తెలియాలి. ఇంత అప్పు ఉంది, ఇంత వడ్డీ కడుతున్నాం, ఈ ఏడు కొత్త ఫోన్ కొనలేం అని కూర్చోబెట్టి చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. ఇంటి లెక్కలో తమకూ చోటు దొరికిందని గర్వపడతారు. అదే సంగతి చీకటి హాల్లో, పాట మధ్య, పరాయి మనిషి నోట వింటే, తమ మీద మోపిన అభియోగంలా ఉంటుంది. తల్లిదండ్రులకు కూడా ఈ మాట మీరు చెప్పగలరు. నీకోసమే ఇదంతా అని రోజూ వినే పిల్ల, ఆ ‘ఇదంతా’ తన వల్లే జరుగుతోందని వింటుంది.

ఇప్పుడు మీ వల్ల జరగగల మంచి గురించి చెబుతాను. మీ సభల తర్వాత నేను పదేపదే గమనించిన సంగతి ఒకటుంది. అమ్మను తలుచుకుని వెక్కివెక్కి ఏడ్చిన అబ్బాయే, ఆ సాయంత్రం మెస్సులో కొత్తగా చేరిన పల్లెటూరి పిల్లవాడి యాసను వెక్కిరిస్తాడు. నల్లగా ఉందని అమ్మాయికి పేరు పెట్టి పిలుస్తాడు. దానికి అతనికి పిసరంత బాధ ఉండదు. చేయని తప్పుకు కన్నీళ్లు పెట్టించాం, చేసిన తప్పు వైపు చూపు కూడా తిప్పలేదు. ఆ చూపు తిప్పడమే మీ పని అయితే ఎంత బాగుంటుంది!

అందుకు నాలుగు ప్రశ్నలు చాలు. నేను చేసిన పని ఏమిటి? దానివల్ల ఎవరికి ఏ నష్టం జరిగింది? అందులో నా చేతిలో ఉన్నది ఎంత? ఇప్పుడు నేను చేయగలిగింది ఏమిటి? స్లిప్ టెస్టులో తప్పి, మంచి మార్కులొచ్చాయని అమ్మకు అబద్ధం చెప్పిన అబ్బాయి ఈ ప్రశ్నలు వేసుకుంటే దారి దొరుకుతుంది. అబద్ధం పూర్తిగా అతనిదే. మార్కులు కొంతవరకు అతనివి. ఆదివారం ఫోన్‌లో నిజం చెప్పి, ఏ పాఠం దగ్గర ఆగిపోయాడో లెక్చరర్‌ను అడిగితే, ఆ బాధ పని పూర్తయినట్టే. ఆ తర్వాత కూడా దాన్ని మోయాల్సిన అవసరం లేదని అతనికి చెప్పాలి. ఈ చివరి మాట మన పిల్లలకు ఎవరూ చెప్పరు. దిద్దుకున్న తప్పును వదిలేయడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే.

నాన్న పత్తి చేను దెబ్బతిన్నందుకు కుమిలిపోయే అమ్మాయి ఇవే ప్రశ్నలు వేసుకుంటే, మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. ఆమె చేసిన పని ఏదీ లేదు. నష్టం ఉంది, దుఃఖం ఉంది, అవి నిజం. ఆ దుఃఖం నాన్న మీద ప్రేమ. ప్రేమను ప్రేమగానే ఉండనివ్వమని చెప్పండి. నాన్నకు ఫోన్ చేసి తిన్నావా అని అడగమనండి. తాను కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోతే నాన్నకు ఏ నష్టమూ లేదని, నాన్న కోరుకునేదీ అదేనని చెప్పండి. ఇక యాసను వెక్కిరించిన అబ్బాయికి మూడో ప్రశ్న గట్టిగా తగలాలి. అందులో నూరు పాళ్లూ అతని చేతిలోనే ఉంది.

కథ కావాలంటే మన నేల మీదే పెద్ద కథ ఉంది. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. అక్కడి పదమూడో శాసనంలో, పట్టాభిషేకమైన ఎనిమిదేళ్లకు కళింగను గెలిచిన చక్రవర్తి ఆ గెలుపులో జరిగిన హానిని లెక్కతో సహా చెప్పుకున్నాడు. లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్ష మంది హతమయ్యారు, అంతకు ఎన్నో రెట్ల మంది చనిపోయారు. దానికి పశ్చాత్తాపపడుతున్నానని రాయించాడు. తన కొడుకులూ మనవలూ కొత్త యుద్ధ విజయాల గురించి ఆలోచించవద్దని కోరాడు. కళింగలోని ధౌలి, జౌగఢల్లో మాత్రం ఈ శాసనం వేయించలేదు. అక్కడివాళ్ల కోసం విడిగా శాసనాలు చెక్కించి, ప్రజలంతా తన బిడ్డలన్నాడు, ఎవరినీ అకారణంగా బంధించి హింసించకుండా చూడమని అధికారులను ఆదేశించాడు. చేసిన పని చెప్పుకున్నాడు, నష్టం లెక్కపెట్టాడు, పాలించే తీరు మార్చుకున్నాడు. అంత పెద్ద తప్పుకు కూడా బాధ ఇలా పనిలోకి మళ్లగలిగిందని పిల్లలకు చెప్పండి. ఏ పాటా అక్కర్లేదు, లైట్లు తగ్గించనక్కర్లేదు, ఆ కథ దానంతటదే నిలబడుతుంది.

నేను మిమ్మల్ని కోరేవి ఇవీ. లైట్లు తగ్గించి ఏడిపించే ఆ భాగాన్ని మానేయండి. వేదిక మీద కాళ్లు కడిగించడం, దాన్ని వీడియో తీసి ప్రచారానికి వాడుకోవడం ఆపేయమని యాజమాన్యాలకు చెప్పండి. ఇష్టమైన పిల్లలు ఇంట్లో నమస్కరించుకుంటారు. తల్లీ తండ్రీ లేని పిల్లలు, ఇంట్లో క్షేమం లేని పిల్లలు ఎదురుగా ఉన్నారని గుర్తుపెట్టుకుని ప్రతి మాటా ఎంచుకోండి. ఆహ్వానం ఒప్పుకునే ముందు ఆ సంస్థలో కౌన్సెలర్ ఉన్నారా అని అడగండి. ఉంటే ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని పిల్లలకు పరిచయం చేయండి. లేకపోతే ఎందుకు లేరని అడగండి, మీరు అడిగితే యాజమాన్యాలు వింటాయి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ నంబరు 14416ను మీ తెర మీద పెద్ద అక్షరాలతో చూపించండి. రోజంతా పనిచేస్తుందని, తెలుగులోనే మాట్లాడవచ్చని, డబ్బు కట్టనక్కర్లేదని చెప్పండి. సభ అయ్యాక ఒక గంట ఆగండి. మీతో విడిగా మాట్లాడాలనుకునే పిల్లలు తప్పకుండా ఉంటారు.

మీ మాటకు బలముంది. మేం ఏడాదంతా చెప్పినా కలగని కదలిక మీ రెండు గంటల్లో కలుగుతుంది. ఆ బలంతోనే ప్రతి సభలో పిల్లలకు ఒక్క మాట చెప్పి వెళ్లండి. ‘నువ్వు చేసిన తప్పు నీది, దాన్ని దిద్దుకునే శక్తీ నీదే. నువ్వు చేయనిదానికి నువ్వు ఎవరికీ బాకీ లేవు.’ ఈ మాట విన్న పిల్ల తల్లిదండ్రుల్ని ప్రేమించడం మానదు. ప్రేమించడానికి ఇక భయపడదు, అంతే.

గౌరవంతో,
ఒక జూనియర్ కళాశాల అధ్యాపకురాలు